గోదావరి గట్టు మీద చీరల షూట్: నది బాగా వస్తోంది, అమ్మాయి ముఖం చీకటిగా వస్తోంది

గట్టుమీద కెమెరా (రాజమండ్రి):

అందరికీ నమస్కారం. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను. హాల్లో లైట్లు పెట్టి తీయమంటే నాకు టెన్షన్ లేదు. ఇప్పుడొచ్చిన పని వేరు. తెలిసిన బొటిక్ అక్క ఒకరు ఉప్పాడ జాందానీ చీరలు ఇచ్చి, స్టూడియో పరదా ముందు వద్దు, మన గోదావరి కనపడేలా బయట తియ్యి అన్నారు. మోడల్ డిగ్రీ చదువుతున్న అమ్మాయి. కెమెరా ముందు నిలబడటం ఇదే మొదలు. పొడగరి, చామనచాయ, పెద్ద కళ్ళు. తను ఫోన్లో తీసుకున్న సెల్ఫీ నా ఫోటోల కన్నా బాగుంటోంది. అదీ నా బాధ.

సామాను: కేనన్ 200డి మార్క్ 2, దాంతో వచ్చిన 18-55 లెన్సు, 50 ఎంఎం ఎఫ్ 1.8, ఒక గోడాక్స్ ఫ్లాష్, తెల్ల గొడుగు.

ట్రయల్ కోసం మొదట కడియం వైపు ఒక నర్సరీకి వెళ్ళాం. పొద్దున పదకొండు అయింది. బంతి మొక్కల మధ్య ఎండలో నిలబెడితే కళ్ళు రెండూ గుంతల్లో పడ్డట్టున్నాయి, ముక్కు నీడ పెదవి దాకా వచ్చింది. సరే అని గ్రీన్ నెట్ కిందికి తీసుకెళ్ళాను. నీడ దొరికింది గానీ ముఖం, మెడ అంతా ఆకుపచ్చ ఛాయ. లైట్‌రూమ్‌లో (ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) ఆకుపచ్చ తగ్గిస్తే పెదాలు వంకాయ రంగుకి వెళ్తున్నాయి.

సాయంత్రం పుష్కర ఘాట్. సూర్యుడు నీళ్ళ మీదికి దిగుతున్నాడు, వంతెన, పడవలు, అంతా అద్భుతం. అమ్మాయి ముఖం మాత్రం చీకటి. ముఖానికి ఎక్స్‌పోజర్ పెంచితే ఆకాశం తెల్ల కాగితం. ఆకాశానికి పెడితే మనిషి నల్ల బొమ్మ. ఆ చీరలు పల్చగా ఉంటాయి కదా, వెనక వెలుగుకి కొంగు మెరుస్తోంది గానీ బుటాలన్నీ, అంటే చీరలో నేసిన బొమ్మలన్నీ, నల్ల మచ్చల్లా కనపడుతున్నాయి. అక్కకి కావలసింది ఆ బుటాలే.

ఇంకోటి, పోజు. నవ్వమంటే బిగుసుకుపోతోంది. 'చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అన్నయ్యా' అని అడిగింది. నాకూ తెలీదు. మెరూన్ చీర ఒక ఫోటోలో ఎరుపు, ఇంకో ఫోటోలో గులాబీ. అసలు షూట్‌కి ముందు ఇవన్నీ సర్దుకోవాలి. డబ్బు పెట్టి కొత్తవి కొనే పరిస్థితి లేదు. ఎవరైనా చెప్పగలరా?

షట్టర్ రాజా:

బ్రో, 85 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి, గోడాక్స్ ఏడీ200 అనే బలమైన ఫ్లాష్ ఒకటి, పెద్ద సాఫ్ట్‌బాక్స్ ఒకటి. కొనక్కర్లేదు, అద్దెకి తీసుకో. ఏడీ200 ఉంటే ఎండతో పోట్లాడొచ్చు, నీ చేతిలోని ఫ్లాష్‌తో కాదు. ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టు, అమ్మాయి మీద ఫ్లాష్ కొట్టు. అయిపోయింది.

లైట్ల పాతకాపు (పాలకొల్లు):

తమ్ముడూ, రాజా గారు చెప్పిన సామాను మంచిదే. కానీ అద్దె కట్టేముందు ఇది చదువు. నేను సినిమా షూటింగుల్లో లైట్ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్ళు చేసినవాణ్ణి. ఇప్పుడు చిన్న స్టూడియో ఉంది. లొకేషన్లో బండి దిగగానే మా కెమెరామన్ గారు అడిగే మొదటి మాట 'తూర్పు ఎటురా?' అని. నువ్వు ఆ మాట అడక్కుండా షూట్‌కి వెళ్ళావు.

రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. పుష్కర ఘాట్‌లో నిలబడి నది వైపు కెమెరా పెడితే సాయంత్రం సూర్యుడు తిన్నగా లెన్సులోకే వస్తాడు. వెలుగంతా అమ్మాయి వీపుకి. ముఖానికి దక్కేది నీ వెనక ఊరి వైపు ఆకాశం ఇచ్చే కాస్త వెలుగు. వెనక ఆకాశానికీ ఈ ముఖానికీ మూడు నాలుగు స్టాపుల తేడా ఉంటుంది. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు. ఏ కెమెరా అయినా అక్కడ తడబడుతుంది.

అదే ఫ్రేము పొద్దున తియ్యి. సూర్యుడు ఊరి మీదుగా, నీ వీపు వెనక నుంచి వస్తాడు. నది వెనకాల అలాగే ఉంటుంది, ముఖం మీద వెలుగుంటుంది. ఘాట్ వెనకున్న మేడలూ చెట్లూ దాటి ఎండ మెట్ల మీదికి రావడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలోనే మంచి ఫోటోలు వస్తాయి. ఎండ పడకుండా తూర్పు ఆకాశం మొత్తం తేలికగా వెలుగుతుంటుంది. కంటి కింద గుంతలుండవు, అమ్మాయి కళ్ళు చికిలించదు. నీ బుటాలకి కూడా ఇదే మందు. జాందానీలో బుటా ఉన్నచోట నేత దట్టం, మిగతా చీర పల్చన. వెనక నుంచి వెలుగొస్తే పల్చటి భాగం వెలిగి, బుటా అడ్డుపడి నల్లబడుతుంది. వెలుగు ముందు నుంచో పక్క నుంచో రావాలి, అప్పుడే జరీ కనపడుతుంది.

సాయంత్రమే కావాలని అక్క పట్టుబడితే బ్రిడ్జి దాటి కొవ్వూరు వెళ్ళు. అక్కడ లెక్క తిరగబడుతుంది: సాయంత్రం సూర్యుడు నీ వెనక, నది నీ ముందు. విశాఖ కుర్రాళ్ళకీ ఇదే తికమక. ముంబయి, గోవా వాళ్ళ వీడియోలు చూసి సాయంత్రం సముద్రంలో సూర్యుడు దిగుతాడని బీచ్‌కి వెళ్తారు. మన సముద్రం తూర్పున ఉంది నాయనా, సూర్యుడు కొండల వెనక్కి పోతాడు.

లేదూ, ఈ గట్టు మీదే సాయంత్రం తీయాలి అంటే నదికి ఎదురుగా కాకుండా గట్టు వెంబడి కెమెరా పెట్టు. నది ఫ్రేములో ఒక పక్కన ఉంటుంది, దూరంగా వంతెన వస్తుంది. వెలుగు పక్క నుంచి పడుతుంది. ఇప్పుడు అమ్మాయి ముక్కుని మెల్లగా నది వైపు తిప్పిస్తూ చూస్తూ ఉండు. నీడలో ఉన్న చెంప మీద, కంటి కింద, చిన్న త్రికోణం వెలుగు కనపడగానే ఆపెయ్యి. ఇంకా మెత్తగా కావాలంటే ఇంకొంచెం తిప్పు. పోజు అంటే నాకు తెలిసినంతలో సగం ఇదే. ముందు ముక్కు ఎటు ఉండాలో వెలుగు చెబుతుంది, తర్వాత భుజాలు, నడుము, కాళ్ళు దానికి తగ్గట్టు సర్దుకోవడమే. మీరంతా కాళ్ళ దగ్గర మొదలుపెట్టి ముఖం దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతారు.

సూర్యుడు దిగేముందు వచ్చే బంగారు వెలుగుని గోల్డెన్ అవర్ అని ఇంగ్లీషు వీడియోల్లో ఊదరగొడతారు. వాళ్ళ దేశాల్లో సూర్యుడు ఏటవాలుగా, తీరిగ్గా దిగుతాడు. మనం 17 డిగ్రీల అక్షాంశం దగ్గరున్నాం, మన దగ్గర దాదాపు నిలువునా దిగిపోతాడు. ఆరు డిగ్రీల ఎత్తు నుంచి కిందికి చేరడానికి అరగంట కూడా పట్టదు. డిసెంబరులో అయితే ఐదున్నరకే అంతా అయిపోతుంది. చీర మార్చుకోడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. కాబట్టి ఆ బంగారు వెలుగుకి ఒక్క చీరే పెట్టుకో, అక్కకి అన్నిటికన్నా ఇష్టమైనది. మిగతావి దానికి ముందే నీడలో తీసెయ్యి.

ఇక నీడ సంగతి. నీడలన్నీ ఒకటి కావు. గ్రీన్ నెట్ కింద వెలుగంతా ఆ నెట్ గుండా వడకట్టి వస్తుంది, పక్కల నుంచి మాత్రం తెల్ల వెలుగు వస్తుంది. ముఖంలో ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు. నువ్వు లైట్‌రూమ్‌లో ఒకటి దిద్దితే ఇంకోటి చెడేది అందుకే. కొబ్బరి చెట్ల కింద కూడా వద్దు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు నుదుటి మీద ఒకటి, చెంప మీద ఒకటి ఉంటే ఏ ఎడిటింగూ కాపాడదు. గుబురు మామిడి చెట్టు మంచిది, అదీ చెట్టు మొదలు దగ్గర కాదు, నీడ ముగిసే అంచు దగ్గర, ముఖం బయటి ఆకాశం వైపు పెట్టి. ఎదురుగా సిమెంటు రోడ్డో తెల్ల సున్నం గోడో ఉంటే ఇంకా అదృష్టం, దాని మీద పడ్డ ఎండ తిరిగి ముఖం మీదికి వస్తుంది. ఎదురుగా పచ్చగడ్డి ఉంటే మాత్రం గడ్డం కింద ఆకుపచ్చ కొడుతుంది, చూసుకో.

అన్నిటికన్నా మంచి చోటు మన జిల్లాల్లో ఊరూరా ఉంది. పాత పెంకుటింటి వసారా. పైన కప్పు నెత్తి మీద వెలుగుని ఆపేస్తుంది, ముందు నుంచి ఆకాశం వెలుగు వస్తుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకి కూడా కళ్ళలో వెలుగు చుక్క ఉంటుంది. మే రెండో వారంలో మనకి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు సైతం వసారా పనికొస్తుంది. కంబానికి ఆనించి, వసారా అంచుకి ఇవతల ఒక అడుగు లోపల నిలబెట్టి చూడు. ముందుకి వస్తే గుంతలు, మరీ లోపలికి వెళ్తే చప్పదనం. ఆ అడుగు ఎక్కడో నీ కంటికే తెలుస్తుంది. నది కోసం ఘాట్, చీరల కోసం వసారా, ఇలా పంచుకో.

రిఫ్లెక్టర్ కొనకు. థర్మాకోల్ షీటు చాలు. సినిమాల్లో కోట్ల బడ్జెట్‌కీ ఇదే వాడతాం. కుర్రాళ్ళందరూ దాన్ని నడుము కింద పట్టుకుని పైకి కొడతారు, అప్పుడు దయ్యం సినిమా లైటు వస్తుంది. ముఖం ఎత్తులో, పక్క నుంచి పట్టించు. ఎంత దగ్గరగా ఉంటే అంత మెత్తన. బంగారు రంగు రిఫ్లెక్టర్ అసలు వద్దు, చీర రంగు మారిపోతుంది. వెండి రంగుది ఎండలో కళ్ళలో కొడితే పాపం పిల్ల కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది. గట్టు మీద గాలికి షీటు ఎగిరిపోతుంది, పట్టుకునేవాడు బలమైనవాడై ఉండాలి.

చామనచాయ అన్నావు. ఆ చాయని అలాగే ఉంచు. ముఖం తెల్లగా రావాలని ఎక్స్‌పోజర్ పెంచేవాళ్ళు చర్మంలో ఉన్న జీవం అంతా చెరిపేస్తారు, ముందు పోయేది చీర జరీ. ఇలాంటి ఒంటి రంగుకి పెద్ద, మెత్తటి వెలుగు పక్క నుంచి పడితే చెంప ఎముక మీద సన్నటి మెరుపు వస్తుంది, అది తెల్లటివాళ్ళకి అంత బాగా రాదు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మాట గుడ్డిగా వినకు. తెల్ల చీర చూస్తే అది భయపడి ఫ్రేమంతా చీకటి చేస్తుంది, ముదురు చీర చూస్తే వెలుగు పెంచేస్తుంది. స్పాట్ మీటరింగ్ (ఫ్రేము మధ్యలో చిన్న చోటునే కొలవడం) పెట్టి, అమ్మాయి నిలబడ్డ వెలుగులోనే నీ అరచేతిని పెట్టి కొలువు. అక్కడ నుంచి ఒక స్టాపు పెంచు. అరచేయి ఎవరిదైనా దాదాపు ఒకే వెలుగుంటుంది, అందుకే ఈ చిట్కా పనిచేస్తుంది.

గట్టుమీద కెమెరా:

బాబాయ్ గారూ, దండం. రోజూ ఆ ఘాట్ మీదుగా వెళ్తాను, పొద్దున అక్కడ ఫోటో తీయాలని ఎప్పుడూ తట్టలేదు. అమ్మమ్మ గారింట్లో వసారా ఉంది, అదే ఖాయం చేస్తాను.

రెండు అనుమానాలు. అక్క 'సూర్యాస్తమయం, ఎర్ర ఆకాశం, ముందు చీర' ఒక్కటైనా కావాలంటున్నారు. నా ఫ్లాష్, గొడుగుతో అది అవుతుందా? పోజు గురించి మీరు ముక్కు చెప్పారు, చేతుల సంగతి ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కెమెరాకి అవతల:

నేను చెప్తానండి. విజయవాడలో రెండు మూడు చీరల షాపులకి మోడల్‌గా చేస్తుంటాను, అందుకే ఈ పేరు. ఫోటోగ్రాఫర్లు వెలుగు గురించి గంటలు మాట్లాడతారు, ఎదుట నిలబడ్డ మనిషికి ఏం తెలియాలో ఎవరూ చెప్పరు.

మొట్టమొదట, 'నవ్వు' అనకండి. ఆ మాట వినగానే పళ్ళు కనపడతాయి తప్ప నవ్వు రాదు. 'ఫ్రీగా ఉండు' అసలే అనకండి. ఏం చేయాలో తెలియని మనిషికి ఫ్రీగా ఉండటం అంత కష్టమైన పని ఇంకోటి లేదు. ఏదో ఒక పని చెప్పండి. కొంగు అంచు పట్టుకుని దాని మీది బుటాలు చూడు. జడ ముందుకి వేసుకో. గాజులు సర్దుకో. ఆ మెట్టు నుంచి ఈ మెట్టుకి దిగి, ఆగి, నది వైపు చూడు. పని చేస్తున్న చేతికి ఎక్కడ ఉండాలో దానికే తెలుస్తుంది. మీరు ఆ పని మధ్యలో తీయండి, పూర్తయ్యాక కాదు. వేళ్ళు దేన్నీ గట్టిగా నొక్కకూడదు, తాకీ తాకనట్టు ఉండాలి. అరచేతి వెనక భాగం పూర్తిగా కెమెరాకి కనపడితే చేయి పెద్దగా వస్తుంది, చిటికెన వేలి వైపు అంచు కనపడేలా తిప్పమనండి.

కుడి, ఎడమ అనకండి. మీ కుడా, నా కుడా అని ఆలోచించేలోపే ముఖంలో కళ పోతుంది. 'నది వైపు', 'గుడి వైపు', 'రావిచెట్టు వైపు' అనండి. ఇంకా మంచిది మీరే చేసి చూపించడం. ఆరడుగుల మగాడు నడుం మీద చెయ్యి పెట్టుకుని కొంగు సర్దుకున్నట్టు చూపిస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, ఆ నవ్వే మీకు కావలసింది.

నిలబడే తీరుకి నాకు నేర్పించినది ఒక్కటే: బరువంతా వెనక కాలి మీద వేసి, ముందు కాలి మోకాలు కొంచెం వంచడం. దాంతో నడుము దానంతటదే ఒక వైపు ఒరుగుతుంది, కుచ్చిళ్ళు కూడా అందంగా జారతాయి. రెండు కాళ్ళ మీద సమానంగా నిలబడితే ప్రార్థనలో ఉన్న స్కూలు పిల్ల కనపడుతుంది. ఒళ్ళు కెమెరాకి కాస్త పక్కకి తిప్పి, ముఖం మాత్రం పైన బాబాయ్ గారు చెప్పిన వెలుగు వైపు. మోచేతికీ నడుముకీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి, లేకపోతే చెయ్యీ ఒళ్ళూ కలిసిపోయి లావుగా వస్తాం. మెడ కొద్దిగా ముందుకి చాపి గడ్డం ఒక్క పిసరు దించమంటారు. చేసేవాళ్ళకి అది చాలా ఎబ్బెట్టుగా ఉంటుంది, నేనైతే మొదట్లో అస్సలు నమ్మలేదు. ఒకసారి తీసి స్క్రీన్ మీద చూపించండి, దవడ గీత చూసుకుని ఇంకెప్పుడూ మీరు చెప్పక్కర్లేదు. చూపించడం మాత్రం మర్చిపోకండి. ఫోటోగ్రాఫర్ మౌనంగా స్క్రీన్ చూసుకుని మొహం చిట్లించాడంటే మా ధైర్యం అక్కడే పోతుంది, మీరు చిట్లించింది ఆకాశం కోసమే అయినా సరే.

వెలుగు ఎదురుగా ఉంటే కళ్ళు మూసుకోమనండి. మూడు లెక్కపెట్టి తెరవమనండి, తెరిచిన వెంటనే తీయండి. ఒకటి రెండు సెకన్ల పాటు కళ్ళు చికిలించకుండా బాగుంటాయి.

నిండుగా తల నుంచి పాదం దాకా తీసేటప్పుడు మీరు వంగండి. నిలబడి మీ కంటి ఎత్తు నుంచి తీస్తే మా కాళ్ళు పొట్టిగా, తల పెద్దగా వస్తుంది, చీర సగం కుదించుకుపోతుంది. కెమెరా నడుము ఎత్తులో ఉండాలి. ముఖం దగ్గరగా తీసేటప్పుడు కంటి ఎత్తుకి రండి. మీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి 50 లెన్సు దాదాపు 80లా పనిచేస్తుంది కదా, ముఖానికి అదే వాడండి. 18 పెట్టి దగ్గరికి వచ్చి తీసేవాళ్ళంటే నాకు భయం, ముక్కే కనపడుతుంది.

చివరగా, ఇది ముఖ్యం. కొంగు, కుచ్చిళ్ళు, జుట్టు మీరు సర్దకండి. మాటతో చెప్పండి, లేదా ఒక ఆడమనిషిని వెంట తెచ్చుకోండి. పిన్నీసులు, నీళ్ళు, అద్దం, చీర మార్చుకోడానికి తలుపు ఉన్న చోటు, ఇవి ఉన్నాయని ముందే చెబితే ఆ అమ్మాయి సగం తేలికపడుతుంది. ఎండెక్కాక ఘాట్ మెట్ల మీద ఉత్త కాళ్ళతో నిలబెట్టకండి. మీరు బూట్లేసుకుని ఉంటారు, మీకు తెలీదు.

లైట్ల పాతకాపు:

అమ్మా, మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ చెప్పని మాటలు చెప్పావు. ఆ చివరి పేరా మా వాళ్ళందరికీ చదివి వినిపించాలి.

తమ్ముడూ, ఫ్లాష్ లెక్క. నీ కెమెరాలో మామూలు ఫ్లాష్ షట్టర్ వేగం 1/200 సెకను దాకానే పనిచేస్తుంది. నడి ఎండలో ఐఎస్ఓ (కెమెరా వెలుగుకి స్పందించే తీరు) 100, 1/200 అంటే ఎపర్చర్, అంటే లెన్సు రంధ్రం, బాగా చిన్నది చేసి ఎఫ్ 11 దగ్గరికి వెళ్ళాలి. అప్పుడు వెనకాల అంతా స్పష్టంగా కనపడి చీర మీద దృష్టి నిలవదు, పైగా నీ చిన్న ఫ్లాష్ పూర్తి శక్తితో కొట్టినా, గొడుగు పెట్టాక, మీటరు దూరంలోనే ఏమైనా కనపడుతుంది. ఫ్లాష్‌లో హై స్పీడ్ సింక్ అనే పద్ధతి పెడితే షట్టర్ 1/200 దాటి పెంచుకోవచ్చు, కానీ ఫ్లాష్ బలం ఇంకా పడిపోతుంది. ఎఫ్ 1.8లో నడి ఎండ తీయాలంటే 1/8000 కావాలి, నీ కెమెరా 1/4000 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఎండతో పోట్లాట రాజా గారి ఏడీ200కి వదిలెయ్యి. నీది దిగిపోయిన సూర్యుడితో.

సూర్యుడు కొవ్వూరు వైపు దిగిపోయాక పావుగంట దాకా ఆకాశం ఎర్రగా ఉంటుంది, వెలుగు నిమిష నిమిషానికీ తగ్గుతుంటుంది. అక్క అడిగిన ఫోటో అప్పుడే. కెమెరా మాన్యువల్‌లో పెట్టు. ముందు ఫ్లాష్ లేకుండా ఆకాశానికి సెట్ చేసుకో, రంగు నీకు నచ్చినంత ముదురుగా. ఎఫ్ 2.8, 1/200, ఐఎస్ఓ 200 దగ్గర మొదలుపెట్టి చూడు. ముఖం చీకటిగా ఉంటుంది, ఉండనీ. ఇప్పుడు గొడుగుతో ఫ్లాష్‌ని అమ్మాయికి ఒకటిన్నర మీటర్ల దూరంలో, తల కన్నా కొంచెం పైన, నలభై ఐదు డిగ్రీల పక్కన పెట్టి, పూర్తి శక్తిలో 1/16 వంతు నుంచి పెంచుకుంటూ రా. ముఖం సరిపోయాక ఇంక ఫ్లాష్ ముట్టుకోకు. ఆకాశం తగ్గుతున్నకొద్దీ షట్టర్ మాత్రం 1/160, 1/125, 1/100 అని దించుతూ పో. షట్టర్ మారితే ఆకాశం మారుతుంది, ఫ్లాష్ పడ్డ ముఖం దాదాపు మారదు. ఈ ఒక్క కిటుకుతో ఆ పావుగంటలో ఇంకొంతసేపు తీయొచ్చు.

ఫ్లాష్ వెలుగు తెల్లగా ఉంటుంది, వెనక ఎర్ర ఆకాశం. మనిషి వేరే చోట నుంచి కోసి అతికించినట్టు కనపడుతుంది. ఫ్లాష్ ముందు లేత నారింజ జెల్ కాగితం ఒకటి అంటించు. మరీ ముదురుది వద్దు. గొడుగు స్టాండ్‌కి ఇసుక సంచి కట్టు, లేదా మనిషిని పట్టుకోమను. గోదావరి గాలికి గొడుగు ముందు ఎగురుతుంది, తర్వాత ఫ్లాష్ నీళ్ళలో పడుతుంది.

బుటాల కోసం మాత్రం ఈ ఫోటో నమ్ముకోకు, ఇది అందానికి. కొంగు వెనక్కి వేలాడకుండా ముందుకి తెచ్చి గొడుగు వైపు పరిస్తే కొంత కనపడుతుంది.

షట్టర్ రాజా:

షట్టర్ దించితే ముఖం చేయి కదలికకి షేక్ అవదా బాబాయ్?

లైట్ల పాతకాపు:

1/100 దాకా భయం లేదు రాజా గారూ, ఆ చీకట్లో ముఖం మీద వెలుగు ఎక్కువ భాగం ఫ్లాష్‌దే, అది రెప్పపాటు కన్నా తక్కువలో అయిపోతుంది. ఇంకా కిందికి వెళ్ళాలంటే ఐఎస్ఓ పెంచి, ఫ్లాష్ అంత తగ్గించండి.

చీర రంగు సరే (పిఠాపురం):

మెరూన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి. నేను ఒక చీరల షాపు ఆన్‌లైన్ ఫోటోలు చూస్తాను. రంగు తేడా వచ్చి చీర వెనక్కి వస్తే మాట పడేది నేనే.

మీ మెరూన్ మారడానికి మొదటి కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని బట్టి కెమెరా తనే రంగులు సర్దడం. ఫ్రేములో నది ఎక్కువుంటే ఒక రకంగా, చీర ఎక్కువుంటే ఇంకో రకంగా కెమెరా తనకి తోచింది చేస్తుంది. గ్రే కార్డ్ (రంగు కొలతకి వాడే బూడిద రంగు అట్ట) ఒకటి కొనండి, ఇది మాత్రం చిన్న ఖర్చే. మోడల్ నిలబడ్డ చోటే దాన్ని పట్టించి తీసి, మీ కెమెరాలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. చోటు మారినా, ఎండ నుంచి నీడకి వచ్చినా మళ్ళీ తీయాలి. కొందరు ప్రింటర్ కాగితం వాడతారు. ఆ కాగితం తెల్లగా కనపడాలని అందులో కలిపే పదార్థాల వల్ల అది కాస్త నీలానికి పోతుంది, ఫోటో పసుపుకి లాగుతుంది. రా (RAW) ఫైల్లోనే, అంటే తర్వాత రంగులు దిద్దుకునే వీలున్న ఫైల్లోనే తీయండి.

రెండో కారణం ఎరుపు నిండిపోవడం. మెరూన్, రాణీ పింక్, ముదురు నారింజ చీరల్లో మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు పంపకం చూపే గ్రాఫు) బాగానే ఉన్నట్టుంటుంది, ఎరుపు ఒక్కటీ కుడి గోడకి గుద్దుకుని ఉంటుంది. అప్పుడు మడతలన్నీ ఒకే ముద్దగా, రంగు గులాబీకి తిరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ తెరిచి ఎరుపు గీత చూసుకుంటూ అర స్టాపు, అవసరమైతే ఒక స్టాపు తగ్గించి తీయండి. ముఖం తర్వాత పైకి తెచ్చుకోవచ్చు. పోయిన ఎరుపు తిరిగి రాదు. పిక్చర్ స్టైల్ కూడా న్యూట్రల్‌లో ఉంచండి, మీరు స్క్రీన్ మీద చూసేది అప్పుడు నిజానికి దగ్గరగా ఉంటుంది.

సూర్యాస్తమయం ఫోటోలో ఏ చీరా అసలు రంగులో రాదు, రాకూడదు కూడా. అక్కకి ఆ మాట ముందే చెప్పేయండి. ప్రతి చీరకీ వసారాలో, గ్రే కార్డ్ పెట్టి, కొంగు పరిచి, మోడల్ లేకుండా ఒక ఫోటో విడిగా తీసివ్వండి. అది అక్క చీర పక్కన పెట్టుకుని పగటి వెలుగులో చూసి సరే అన్నాకే మిగతావాటి ఎడిటింగ్ మొదలుపెట్టండి. ఇన్‌స్టాలో కూడా ఆ ఫోటో రెండోదిగా ఉండాలి. కొనేవాళ్ళు మొదటిది చూసి ఆగుతారు, రెండోది చూసి ఆర్డర్ పెడతారు.